వేటకి వెళ్ళని వేటగాడు

నా పర్సులో ఒక వేట లైసెన్సు ఉంది. టెక్సస్ రాష్ట్రం ఇచ్చింది, ఖరీదు 25 డాలర్లు. బుద్ధెరిగాక నేను చంపిన జీవాల్లో అన్నిటికన్నా పెద్దది బొద్దింక. అది కూడా మా ఆవిడ కేక పెట్టింది కాబట్టి.

మరి లైసెన్సు ఎందుకంటే, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనుక్కోవడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాసేపు చేత్తో పట్టుకున్నా నేరమే. ఆ చట్టంలోనే కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. ఉంటే చాలు. వేటాడాలని లేదు. డాలస్ చుట్టుపక్కల ఇలాంటి వేటగాళ్ళు నాకు తెలిసి పదిమంది దాకా ఉంటారు. అందులో ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు. నేను ఇంకో అడుగు ముందుకేసి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను. జింక ఏ పక్కకి తిరిగి నిలబడినప్పుడు ఎక్కడ కొడితే బాధ లేకుండా పోతుందో బొమ్మలేసి చూపిస్తారు. ఆదివారం మధ్యాహ్నం, పప్పూ ఆవకాయా కలుపుకుని తింటూ చూశాను ఆ బొమ్మలు.

ఇలా చట్టం సందులోంచి దూరి మరీ సంపాదించుకున్న సరదా గురించే ఈ వ్యాసం. ఈ సరదా తప్పా, కాదా అన్నది నా ప్రశ్న. అమెరికాలో తుపాకుల చట్టాలు మారాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దానికి నా దగ్గర ఒక సమాధానం ఉంది, మీలో చాలామంది దగ్గరా అదే ఉంటుందనుకుంటాను. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. చట్టం గురించి నా అభిప్రాయం ఒకటి, శనివారం పొద్దున పదింటికి నేను చేసే పని ఒకటి.

నన్ను మొదటిసారి రేంజ్‌కి తీసుకెళ్ళింది మా కాలేజీ సీనియర్. నాకన్నా ఆరేళ్ళు పెద్ద, అన్నా అనే పిలుస్తాను. ఆయనకి గ్రీన్ కార్డు ఉంది, కాబట్టి లైసెన్సు తిప్పలు లేవు. ఇంట్లో ఐదు తుపాకులు, వాటికొక ఇనప బీరువా. అంతకుముందు నేను పట్టుకున్న తుపాకులు రెండే రకాలు. దీపావళికి రీళ్ళు పెట్టి పేల్చే రేకు తుపాకీ, తిరనాళ్ళలో బుడగలు కొట్టే ఎయిర్ గన్. ఇంకొకటి కూడా ఉందనుకోండి. ఇంటర్ ఫిజిక్సులో తుపాకీ ప్రతిక్షేప వేగం. ఇంత ద్రవ్యరాశి గల గుండు, అంత ద్రవ్యరాశి గల తుపాకీ, గుండు ఇంత వేగంతో బయటికి వస్తే తుపాకీ ఎంత వేగంతో వెనక్కి వస్తుంది? ఎంసెట్ కోసం అలాంటి లెక్కలు ఎన్ని చేశానో. ఆ లెక్క గొట్టం చివర ఆగిపోతుంది. గుండు ఎటు వెళ్ళిందో, ఎవరికి తగిలిందో మా లెక్చరర్ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అన్నకి తుపాకుల మీద గట్టి అభిప్రాయాలున్నాయి. ఫిల్టర్ కాఫీ మీదా, ఎడిటర్ల మీదా మనకి ఉంటాయి చూడండి, అలాంటివి. మొదటి తుపాకీ ఎప్పుడూ 22 అయి ఉండాలంటాడు. అంటే 22 లాంగ్ రైఫిల్ తూటా వాడేది. చవక, చప్పుడు తక్కువ, తన్నడం అసలు ఉండదు. రూగర్ 10/22 అని 1964 నుంచీ వస్తున్న రైఫిల్ ఒకటుంది. పదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ళ తాతల దాకా అందరూ దాని మీదే చెయ్యి తిప్పుకుంటారు. పెద్ద తూటాతో మొదలుపెట్టినవాడికి మొదట వచ్చేది భయం, గురి కాదు. ఆ భయం వదలడానికి ఏడాది పడుతుంది. చిన్న పిస్టల్ ఆడవాళ్ళకి బావుంటుందని అమ్మేవాళ్ళ మాట నమ్మకూడదంటాడు. బరువు తగ్గేకొద్దీ అది చేతిలో ఎక్కువ ఎగురుతుంది. ఇది ఇంటర్ లెక్కే, నాకు వెంటనే అర్థమైంది. జేబులో పట్టేది పెట్టుకోవడానికి సుఖం, పేల్చడానికి నరకం.

గ్లాక్ అంటే ఆయనకి గౌరవమే గానీ ప్రేమ లేదు. అంతకుముందు ఒక్క పిస్టల్ కూడా చెయ్యని ఆస్ట్రియా ఇంజినీరు, కర్టెన్ రాడ్లూ కత్తులూ చేసుకునే మనిషి, ప్లాస్టిక్ ఫ్రేముతో ఒక పిస్టల్ గీస్తే 1982లో ఆ దేశపు సైన్యం తీసుకుంది. భాగాలు తక్కువ, మొరాయించదు, పక్కన వేరే సేఫ్టీ మీట కూడా ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చేస్తుంది. నాకూ నచ్చింది. అన్న మాత్రం అది స్క్రూడ్రైవర్ లాంటిదని తీసిపారేస్తాడు. ఆయన మనసు చెకోస్లొవేకియా వాళ్ళ సీజెడ్ 75 మీద ఉంది. దానిలో స్లైడు ఫ్రేము లోపలి గాడుల్లో నడుస్తుంది. మామూలుగా అయితే పైనుంచి కప్పినట్టు ఉంటుంది. అందుకని చేతికి కిందుగా కూర్చుంటుంది, పైగా మొత్తం ఉక్కు. పేలినప్పుడు ఎగరదు, తోస్తుంది. ఆ తేడా మాటల్లో చెప్పడం కష్టం. మొదటిసారి దానితో వరసగా ఐదు గుళ్ళు అరచేతంత చోట పడినప్పుడు, చాలా కాలంగా సతాయిస్తున్న బగ్ దొరికినప్పటి తృప్తి లాంటిది కలిగింది. కాదు, దానికన్నా ఎక్కువ. ఒంటికి తెలిసే తృప్తి అది.

కొన్నాళ్ళ తర్వాత నా గుళ్ళు కింద ఎడమ పక్కకి పడటం మొదలైంది. కుడిచేతి వాళ్ళకి ఇది మామూలు జబ్బేనట. అన్న ఏం చేశాడంటే, నాకు చెప్పకుండా మ్యాగజీన్‌లో అసలు తూటాల మధ్య రెండు ఉత్తివి కలిపాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది. పేలలేదు. కానీ నా మణికట్టు దానంతటదే కిందికి వంగింది. రాని దెబ్బని కాచుకుంటోంది చెయ్యి. నాకు తెలియకుండా నా ఒంట్లో ఉన్న భయాన్ని అంత స్పష్టంగా బయటపెట్టిన పరికరం నేను ఇంకొకటి చూడలేదు. ధ్యానం క్లాసులకి వెళ్ళాను, యాప్‌లు పెట్టుకున్నాను. ఏదీ ఇలా పట్టుకోలేదు. దాన్ని పోగొట్టుకోవాలంటే ట్రిగ్గర్‌ని మెల్లగా, ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనట్టు నొక్కాలి. పేలడం మనల్ని ఆశ్చర్యపరచాలి. ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమని మనవాళ్ళు చెప్పింది ఇదే కదా అని ఆ రోజుల్లో అందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

గురి గురించి కూడా ఒక మాట చెప్పాలి. అర్జునుడి కథ మనందరికీ తెలుసు. పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనపడలేదన్నాడు. (మూలంలో కన్ను కాదు, తల. ఆ పిట్ట కూడా బొమ్మే, ద్రోణుడు పనివాళ్ళతో చేయించి చెట్టు మీద పెట్టించాడు. ఒక రకంగా మా కాగితం టార్గెట్టే.) పిస్టల్ గురి దీనికి తలకిందులు. కంటికి ఒకేసారి మూడు వస్తువులు కనిపించాలి. దగ్గర్లో వెనక సైటు, కొంచెం ముందర ముందు సైటు, దూరంగా లక్ష్యం. మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించడం మనిషి కంటికి సాధ్యం కాదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేర్పేవాళ్ళందరూ చెప్పేది ముందు సైటు మీదే చూపు నిలపమని. లక్ష్యం మసకగా ఉండాలి. మసకగా ఉంటేనే తగులుతుంది. కొట్టదలుచుకున్నదాన్ని సరిగ్గా చూడకపోవడమే ఈ విద్యలో మొదటి పాఠం.

ఇది తెలిశాక మా మాటల్లో కూడా అదే గమనించడం మొదలుపెట్టాను. గంటలకొద్దీ ట్రిగ్గర్ గురించి, గ్రిప్ గురించి, బారెల్ పొడుగు గురించి మాట్లాడుకుంటాం. లక్ష్యం మాత్రం ఎప్పుడూ మసక. ఒకరోజు అన్న ఒక వీడియో చూపించాడు. పారదర్శకంగా ఉన్న జెలటిన్ దిమ్మలోకి తూటా కాల్చి, అది లోపల పువ్వులా విచ్చుకుని ఎంత దూరం వెళ్ళిందో కొలుస్తున్నారు. 12 నుంచి 18 అంగుళాల మధ్య ఆగితే మంచి తూటా. అది ఎఫ్‌బీఐ వాళ్ళ ప్రమాణం. "చూశావా ఎంత నీట్‌గా విచ్చుకుందో" అన్నాడు. నిజంగానే అందంగా ఉంది, రాగి రేకులు విప్పిన పువ్వు. ఆ జెలటిన్ దేనికి బదులుగా పెట్టారో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం అనలేదు.

ఇక్కడ నా వైపు నుంచి వాదించుకోవాలిగా. మొదటి వాదన, ఇది ఆట. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి బంగారు పతకం వచ్చినప్పుడు మనం ఎగిరి గంతేశాం. 2012 లండన్‌లో కంచు గెలిచిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే. ఈషా సింగ్ కూడా హైదరాబాదీయే. వాళ్ళ చేతిలో ఉన్నదాన్ని చూసి ఎవరికీ భయం వెయ్యదు. నీరజ్ చోప్రా విసిరేది కూడా ఒకప్పుడు మనుషుల్ని పొడిచిన బల్లెమే. ఆయుధం ఆటవస్తువు అవుతుంది, చరిత్ర నిండా అయింది. ఈ వాదన నేను ఒప్పుకుంటాను. కానీ బల్లెం ఎందుకు ఆటవస్తువు అయింది? ఇప్పుడు ఎవరూ దానితో యుద్ధాలు చెయ్యడం లేదు కాబట్టి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌ని ఎవడూ నడుముకి దోపుకుని తిరగడు కాబట్టి. మా రేంజ్‌లో గోడకి వేలాడదీసి అద్దెకిచ్చేవి అలాంటివి కావు. నేను శనివారం అద్దెకి తీసుకున్న మోడలే శుక్రవారం రాత్రి వార్తల్లో ఉండొచ్చు. నా ఆట ఇంకా ఆట కాలేదు. కత్తియుద్ధాలు జరుగుతున్న కాలంలో ఫెన్సింగ్ ఆడటం లాంటిది ఇది.

రెండో వాదన ఏకాగ్రత. తుపాకీ మనిషికి శాంతం నేర్పుతుందనేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక రోజు నేనూ అందులో ఒకణ్ణి. వాళ్ళకి ఇష్టమైన పుస్తకం ఒకటుంది. జర్మన్ తత్వశాస్త్రం ప్రొఫెసర్ ఓయ్‌గెన్ హెరిగెల్ జపాన్‌లో విలువిద్య నేర్చుకుని, 1948లో 'జెన్ ఇన్ ది ఆర్ట్ ఆఫ్ ఆర్చరీ' రాశాడు. విల్లు తనంతట తాను వదలాలి, వదిలేవాడు ఉండకూడదు అన్న సంగతి చుట్టూనే తిరుగుతుంది. మా అన్న ట్రిగ్గర్ పాఠం అచ్చంగా అదే. నాకు చాలా నచ్చిన పుస్తకం. తర్వాతెప్పుడో రచయిత గురించి చదివితే, ఈయన 1937లో నాజీ పార్టీలో చేరాడని తెలిసింది. యుద్ధం చివర్లో తన యూనివర్సిటీకి రెక్టర్ కూడా అయ్యాడు. అహం పోయి బాణం తనంతట తాను వదిలిన మనిషి, దరఖాస్తు మీద సంతకం మాత్రం తనే పెట్టాడు. దాంతో పుస్తకం అబద్ధమైపోదు. ఏకాగ్రత అన్నది ఒక నైపుణ్యం, టైపింగ్ లాగా. అది మనిషిని మంచివాణ్ణి చేస్తుందని ఆశించడం దాని మీద పెట్టకూడని బరువు.

ఒకసారి కారు డిక్కీలో కాగితాలు మర్చిపోయాను. రేంజ్‌లో టార్గెట్లు రెండు రకాలు దొరుకుతాయి. గుండ్రటి వలయాలున్నవి, మనిషి ఆకారంలో నల్లగా ఉన్నవి. నేను మొదట్లో వలయాలే కొనేవాణ్ణి. ఎప్పుడు మార్చానో గుర్తు లేదు. పెద్దగా ఉంటుంది, గుళ్ళు ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది అనుకున్నానేమో. సామాన్లు దించుతుంటే ఆరేళ్ళ మా పాప దాన్ని విప్పి గరాజ్ నేల మీద పరిచింది. ఛాతీ దగ్గర చిల్లులు, దాదాపు అన్నీ ఒకేచోట. మంచి రోజు అది నాకు.

"ఇది ఎవరు నాన్నా?"

ఎవరూ కాదమ్మా, బొమ్మ అన్నాను. కాసేపు చూసి, చిల్లుల్లోంచి వేలు పెట్టి, "మరి ఎవరూ కాకపోతే ఇక్కడే ఎందుకు కొట్టావు?" అంది. ఆకలేస్తోందా అని మాట మార్చాను. తర్వాతి వారం మళ్ళీ వలయాలు కొన్నాను. పెద్ద నిర్ణయమేమీ కాదు. పాప చూస్తుందని మార్చడం వేరు, తప్పని మార్చడం వేరు. నాది మొదటిదే.

ఈలోగా మా పక్క వీధుల్లో దొంగతనాలు మొదలయ్యాయి. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. పెళ్ళికి పెట్టినవి, పిల్లకి దాచినవి. బ్యాంకు లాకర్ ఉన్నా పండక్కి తెచ్చుకుని వారం రోజులు ఇంట్లోనే ఉంచేస్తాం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుత్తి వంకాయ ఆర్డర్ల మధ్య పిస్టల్ ఏది కొనాలి అన్న చర్చ వచ్చింది. అన్నకి ఫోన్ల మీద ఫోన్లు. నన్ను కూడా కొనమన్నాడు. "నీకు చెయ్యి కుదిరింది, ఇంట్లో ఆడపిల్ల ఉంది, ఇంకా అద్దెవి ఏంట్రా?" అన్నాడు. మా ఆవిడ వద్దంది. కారణం అడిగితే, "అది ఇంట్లో ఉందని నాకు రోజూ గుర్తుంటుంది, ఆ గుర్తు నాకొద్దు" అంది.

అప్పుడు ఆ మాట సరిగ్గా వినలేదు. అరణ్యకాండ మళ్ళీ తిరగేస్తున్నప్పుడు వినపడింది. తొమ్మిదో సర్గలో సీత రాముడికి ఒక కథ చెప్తుంది. దండకలో రాక్షసుల్ని చంపుతానని రాముడు మునులకి మాట ఇచ్చాడు. సీతకి అది నచ్చలేదు. నీకు వాళ్ళతో పగ లేదు కదా అంటుంది. ఒక ముని ఉండేవాడట, సత్యవంతుడు, శుచిగా ఉండేవాడు. ఇంద్రుడు సైనికుడి వేషంలో వచ్చి, తన కత్తి దాచిపెట్టమని ఇచ్చి వెళ్ళాడు. అప్పగించిన సొమ్ము కాబట్టి ముని దాన్ని భద్రంగా చూసుకున్నాడు. పోతుందేమోనని కందమూలాలకి వెళ్ళినా వెంట తీసుకెళ్ళేవాడు. వెంట ఉండగా ఉండగా మనసు క్రూరత్వం వైపు తిరిగింది. తపస్సు పోయింది, నరకానికి పోయాడు. నిప్పు పక్కన కట్టె ఉంటే ఎలాగో, ఆయుధం పక్కన మనిషి అలాగ అంటుంది సీత. నీకు బోధించడానికి కాదు, ప్రేమ కొద్దీ గుర్తు చేస్తున్నాను అని కూడా అంటుంది.

ఈ కథలో నన్ను కదిలించేది ఆ ముని తప్పేమీ చెయ్యకపోవడం. కత్తి కోరుకోలేదు, వాడాలనుకోలేదు, జాగ్రత్తగా ఉంచాడు. జాగ్రత్తగా ఉంచడమే దారి అయింది. మా అన్న బీరువా, దాని నంబరు తాళం, ప్రతి ఆరు నెలలకి మార్చే బ్యాటరీలు నాకు గుర్తొచ్చాయి. బ్రూనో లాటూర్ అనే ఫ్రెంచి ఆలోచనాపరుడు 1994లో ఒక వ్యాసంలో దాదాపు ఇదే సంగతి ఇంకో దారిలో తడిమాడు. తుపాకులు మనుషుల్ని చంపుతాయనేవాళ్ళూ, తుపాకులు కాదు మనుషులే చంపుతారనేవాళ్ళూ ఇద్దరూ పొరబడ్డారంటాడు. తుపాకీ పట్టుకున్న మనిషి మునుపటి మనిషి కాదు, మనిషి చేతిలో తుపాకీ బీరువాలోని తుపాకీ కాదు. ఇద్దరూ కలిసి మూడోది అవుతుంది. సీత చెప్పినదానికి ఇది ఒక అడుగు తక్కువే అనుకుంటాను. ఆమె లెక్కలో చెయ్యి ఎత్తనక్కర్లేదు, పక్కన ఉంటే చాలు.

రాముడి జవాబు కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. పదో సర్గలో ఆయన అంటాడు, ఆర్తనాదం వినపడకూడదనే క్షత్రియులు విల్లు పడతారని. మునులు వచ్చి శరణు అడిగారు, మాట ఇచ్చాను, నిన్నైనా లక్ష్మణుణ్ణైనా వదులుకుంటాను గానీ మాట వదులుకోను అని. అన్న వాదన ఇదే, కొంచెం టెక్సస్ యాసలో. ఎవరో ఒకరు తలుపు బద్దలు కొడుతుంటే నీ దగ్గర ఏముంటుంది, ఫోనా? నా దగ్గర సమాధానం లేదు. 2017లో కాన్సాస్ బార్‌లో మనవాడిని కాల్చినప్పుడు, 2023 మే 6న అలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోయినప్పుడు, వాళ్ళలో ఒకరు తెలుగువారని తెలిసినప్పుడు, ఇద్దరం ఒకేలా వణికాం. ఆయన ఆ వణుకు నుంచి ఇంకో తుపాకీ దాకా వెళ్ళాడు, నేను వెళ్ళలేదు. కానీ ఆ మే నెల తర్వాత రెండు నెలలు ఆయన తన ఏఆర్-15 ని బీరువాలోంచి తియ్యలేదు. ఎందుకని నేను అడగలేదు. అది గమనించానని ఆయనకి తెలుసు.

పోయినేడాది నా ఉద్యోగం పోయింది. కంపెనీ పేరెందుకు లెండి. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు. ఈలోగా ఇంకోటి దొరకాలి, లేదా సర్దుకోవాలి. పాప స్కూలు, ఇంటి లీజు, అమ్మ ఆపరేషన్‌కి పంపాల్సిన డబ్బు. ముప్ఫై ఒకటో రోజున ఒక ఇంటర్వ్యూ చివరి రౌండ్‌లో పోయింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో కూర్చోలేక రేంజ్‌కి వెళ్ళాను. అన్న ఆఫీసులో ఉన్నాడు. ఎప్పుడూ ఆయనతోనే వెళ్ళేవాణ్ణి, ఒక్కణ్ణే వెళ్ళడం అదే మొదలు. ఆ గంట సేపు బుర్ర ఖాళీ అవుతుంది, అదే కావాలనిపించింది.

కౌంటర్ దగ్గరున్న పెద్దాయన వేట లైసెన్సు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు. మీతో ఎవరైనా వచ్చారా అని అడిగాడు. లేదన్నాను. మీ సొంత తుపాకీ ఏదైనా తెచ్చుకున్నారా? లేదు. "అయితే ఈరోజు అద్దెకివ్వలేను, స్నేహితుణ్ణి తీసుకుని రండి" అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఎన్నిసార్లు వచ్చానో చెప్పాను. తెలుసన్నాడు, నవ్వాడు, ఇవ్వనన్నాడు. రంగు చూసి అన్నాడనుకున్నాను, యాస విని అన్నాడనుకున్నాను. బయటికొచ్చి కార్లోంచి అన్నకి ఫోన్ చేసి ఆ మాటే తిట్టాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. చాలా రేంజ్‌లలో ఆ నియమం ఉంటుందిట. సొంత తుపాకీ లేకుండా, ఒంటరిగా వచ్చినవాళ్ళకి అద్దెకివ్వరు. అలా వచ్చినవాళ్ళలో కొందరు కాగితం మీద కాల్చడానికి రారు.

ఈ దేశంలో తుపాకీ వల్ల పోయేవాళ్ళలో సగానికి పైగా తమ చేతులతో తామే పోతున్నారని నాకు అంతకుముందే తెలుసు. ఎక్కడో చదివిన అంకె. దొంగ గురించి, వాడి చేతిలో ఏముంటుందన్నదాని గురించి, మన చేతిలో ఏముండాలన్నదాని గురించి ఇన్ని శనివారాలు మాట్లాడుకున్నాం. ఇంటి తలుపు లోపలి వైపున ఉన్నవాణ్ణి మేమిద్దరం లెక్కలోకే తీసుకోలేదు. కౌంటర్ వెనక పెద్దాయన తీసుకున్నాడు. రోజంతా తుపాకులు అమ్ముకునే మనిషి, తత్వం గిత్వం తెలియని మనిషి, లక్ష్యాన్ని మసకగా చూడలేదు. నా మొహం కేసి చూశాడు.

నేను అందుకోసం వెళ్ళలేదు. ఇది మీకు నమ్మకం కలగడానికి చెప్పడం లేదు, నిజంగానే వెళ్ళలేదు. కానీ ఆ మాట అన్నతో ఫోన్‌లో అంటున్నప్పుడు, "అందుకోసం కాదన్నా" అని రెండోసారి చెప్తున్నప్పుడు, నా గొంతు నాకే కొంచెం కొత్తగా వినిపించింది. "నాకు తెలుసురా" అన్నాడు. తర్వాత, "ఎక్కడున్నావు, కదలకు, వస్తున్నా" అన్నాడు. ఆఫీసు నుంచి నలభై నిమిషాల దూరం. వచ్చాడు. రేంజ్ లోపలికి వెళ్ళలేదు. పక్కనున్న ఇరానీ చాయ్ షాపుకి వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాం. ఒక్క తుపాకీ పేరు కూడా రాలేదు మాటల్లో. యాభై రెండో రోజున నాకు ఉద్యోగం దొరికింది.

ఇది జరిగాక నేను రేంజ్ మానేశాననీ, నాకు జ్ఞానోదయం అయిందనీ రాస్తే బావుండేది. మానలేదు. నెలకోసారి అన్నతో వెళ్తున్నాను. సీజెడ్ 75 చేతిలో ఇప్పటికీ అలాగే కుదురుతుంది, ఆ తృప్తి ఇప్పటికీ అలాగే ఉంటుంది. అది అబద్ధం కాదు, తప్పుడు తృప్తి అని కూడా నేను అనలేను. కొనడం మాత్రం జరగదని అన్నకి చెప్పేశాను. బలవంతం చెయ్యలేదు. విరాటపర్వంలో పాండవులు ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా పక్కన ఒక శవాన్ని వేలాడదీస్తారు. ఎవరైనా అడిగితే మా అమ్మ, నూట ఎనభై ఏళ్ళది అని చెప్తారు. నువ్వు బీరువాకి నంబరు తాళం పెట్టావు, వాళ్ళు శవాన్ని పెట్టారు, అన్నాను ఒకరోజు నవ్వుతూ. ఆయన నవ్వలేదు. "దసరాకి మా ఆవిడ ఆ బీరువాకి బొట్టు పెట్టనంది" అన్నాడు. కారుకి పెట్టిందట, లాప్‌టాప్‌లకి పెట్టిందట, మిక్సీకి కూడా పెట్టిందట.

టెక్సస్ వేట లైసెన్సులు ఏటా ఆగస్టు 31తో అయిపోతాయి. కొత్తవి 15 నుంచే అమ్ముతారు. ఈరోజు 22. అన్న రెండుసార్లు గుర్తు చేశాడు. ఇంకా కొనలేదు.